గోంగూర పక్కన షెనిన్ బ్లాంక్

చేపలకు తెల్ల వైన్, మాంసానికి ఎర్ర వైన్ అనే మాట ఎక్కడో ఒకచోట అందరి చెవినా పడే ఉంటుంది. ఆ సూత్రం పుట్టిన ఊళ్లలో చేప అంటే వెన్నలో వేయించి, ఉప్పు చల్లి, కాస్త నిమ్మరసం పిండినది. మాంసం అంటే నిప్పుల మీద కాల్చినది. ప్లేటులో ఉన్న రుచి దాదాపుగా ఆ ముక్కదే. విజయవాడలో చేప అంటే పులుసు. చింతపండు, ఎండుమిరప కారం, మెంతిపిండి, నూనె పైకి తేలేదాకా మగ్గిన ఉల్లిపాయ, వీటన్నిటి మధ్య కొరమీను ముక్క. గుంటూరులో మాంసం అంటే గోంగూరతో కలిసి ఉడికినది. తినేవాడి నాలుకకు ముందుగా తగిలేది కారం, వెంటనే పులుపు. అది చేపా మాంసమా అన్నది మూడో సంగతి. కాబట్టి ఇక్కడి భోజనానికి వైన్ వెతికేవాళ్లు ముక్కను పక్కనపెట్టి, దాన్ని ముంచిన పులుసును చూడాలి. అలా చూసినప్పుడు అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సిన తెల్ల వైన్ షెనిన్ బ్లాంక్, అదే పేరున్న ద్రాక్షతో చేసేది.

మన ఊళ్లలో ఈ సంగతి పెద్దగా చర్చకు రాకపోవడానికి కారణం ఉంది. ఏ సెంటర్‌లో చూసినా ‘వైన్స్’ అనే బోర్డు కనిపిస్తుంది. లోపల అమ్ముడుపోయేది మాత్రం విస్కీ, బ్రాందీ, బీరు. అసలు వైన్ సీసాలు ఏ మూల అరలోనో నెలల తరబడి నిలబడి ఉంటాయి. మాటేమో ఇంటింటికీ తెలుసు, ఆ మాటకు అసలు అర్థమైన వస్తువు మాత్రం చాలామందికి తెలియదు. విస్కీకీ బ్రాందీకీ నంజుకోవడానికి ఏదో ఒక స్టఫ్ ఉంటే చాలు. వైన్ లెక్క వేరు. అది భోజనంతో పాటు, ముద్ద ముద్దకూ మధ్య తాగేది. అందుకే ఏ కూరకు ఏది అన్న ప్రశ్న వస్తుంది.

ముందు కారం సంగతి. భౌగోళిక గుర్తింపు ఉన్న గుంటూరు సన్నం ఘాటు స్కోవిల్ కొలతలో సుమారు 35,000 నుంచి 40,000 దాకా ఉంటుంది. తేజ రకం దానికంటే ఘాటు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) విప్పే చోట రుమాలు లేకుండా నిలబడితే దగ్గు ఆగదు. ఆ ఘాటంతా కాప్సైసిన్ అనే పదార్థానిది. నిజానికి కారం ఒక రుచి కాదు, మంట. నోట్లో వేడిని కనిపెట్టే గ్రాహకం ఒకటుంది, దాన్ని టీఆర్‌పీవీ1 అంటారు. మామూలుగా 42 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితేనే అది మెదడుకు ‘కాలుతోంది’ అని కబురు పంపుతుంది. కాప్సైసిన్ దానికి అతుక్కుంటే ఏ వేడీ లేకుండానే అదే కబురు వెళుతుంది.

ఇక్కడ ఆల్కహాల్ పాత్ర చాలామందికి తెలియనిది. ఆల్కహాల్ కూడా అదే గ్రాహకం మీద పనిచేస్తుంది. అది తగిలినప్పుడు ఆ 42 డిగ్రీల హద్దు 34 దగ్గరికి దిగిపోతుంది. మన నోటి వేడే 36, 37 డిగ్రీలు. అంటే కారం తిన్న నోట్లో ఘాటైన మద్యం పోస్తే మంట మీద నూనె పోసినట్టే. కోడి వేపుడు తింటూ విస్కీ తాగేవాళ్లకు చెమటలు పట్టడం వెనక కథ ఇదే. ఎర్ర వైన్‌లో మరో ఇబ్బంది కూడా ఉంది. ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి వచ్చే వగరు అందులో ఎక్కువ. మండుతున్న నాలుకకు ఆ వగరు ఇంకా గరుకుగా, చేదుగా తోస్తుంది. ఖరీదైన ఎర్ర వైన్ సీసాను గోంగూర మాంసంతో తెరిచి, ఇదేం రుచి అని పక్కన పెట్టినవాళ్ల తప్పు ఏమీ లేదు. సీసాదీ తప్పు కాదు. జోడీ కుదరలేదు, అంతే.

ఇప్పుడు పులుపు. చింతపండు పులుపులో ప్రధానమైనది టార్టారిక్ ఆమ్లం. ఈ ఆమ్లాన్ని ఇంత మోతాదులో దాచుకునే పండ్లు ప్రపంచంలో బాగా తక్కువ. చింత ఒకటి, ద్రాక్ష ఒకటి. వైన్‌కు వెన్నెముక లాంటి పులుపు కూడా ఈ టార్టారిక్ ఆమ్లమే. చల్లబెట్టిన తెల్ల వైన్ సీసా అడుగున ఒక్కోసారి మెరిసే పలుకులు కనిపిస్తాయి. పంచదారో గాజు ముక్కలో అనుకుని కొందరు కంగారు పడతారు. అవి ఆ ఆమ్లపు లవణం చలికి గట్టిపడి ఏర్పడిన స్ఫటికాలు, హాని చేసేవి కావు. ఫ్రాన్స్‌లో ల్వార్ నది ఒడ్డున పండిన ద్రాక్షకూ, కృష్ణ ఒడ్డున ఇంటి వెనక చింతచెట్టుకూ ఇలాంటి బంధుత్వం ఉందంటే మొదట నమ్మబుద్ధి కాదు.

పులుపు విషయంలో నియమం సూటిగా ఉంటుంది. కూర పులుపు కంటే వైన్ పులుపు తగ్గితే వైన్ నీళ్లలా చప్పబడిపోతుంది. గోంగూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, ఎర్ర గోంగూర అయితే పులుపు మరీ జాస్తి. దాని ముందు షార్డొనే లాంటి మెత్తటి వైన్లు చాలావరకు నిలబడవు. షెనిన్ బ్లాంక్ నిలబడుతుంది. ఈ ద్రాక్ష ఎంత పండినా పులుపు వదులుకోదు, అదే దీని పుట్టుగుణం.

అయితే పులుపు ఒక్కటే సరిపోదు. మంటను ఓదార్చేది తీపి. ఆ తీపి ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే వైన్ ఎలా తయారవుతుందో కొంచెం చూడాలి. తెల్ల వైన్ కోసం ద్రాక్షను నలిపి, తొక్క, గింజ తీసేసి రసాన్ని మాత్రమే పులియబెడతారు. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర తింటే ఒక శాతం ఆల్కహాల్ పుడుతుంది. రసంలో లీటరుకు 220 గ్రాముల చక్కెర ఉందనుకుందాం. ఈస్టు మొత్తం తినేస్తే వైన్ దాదాపు 13 శాతానికి చేరుతుంది. 20 గ్రాములు మిగిలి ఉండగానే బాగా చల్లబరచి, ఈస్టును వడపోస్తే 12 శాతం లోపే ఆగుతుంది. అంటే ఒకే పనితో రెండు లాభాలు: మంటను చల్లార్చే తీపి మిగిలింది, మంటను రగిలించే ఆల్కహాల్ తగ్గింది. గుంటూరు వంటకు కావాల్సింది సరిగ్గా ఇదే. తీపి అనగానే కూల్‌డ్రింక్ గుర్తుకు రాకూడదు. కూల్‌డ్రింక్‌లో లీటరుకు 100 గ్రాములు దాటి ఉంటుంది. లీటరుకు 15 గ్రాములున్న వైన్ 150 మిల్లీలీటర్లు పోసుకుంటే ఆ గ్లాసులో ఉండేది అర చెంచా చక్కెర. పైగా వెనక పులుపు ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని తీపి అని గుర్తించనైనా గుర్తించరు.

ఈ లెక్క మనవాళ్లకు కొత్తేమీ కాదు. తెల్లవారుజామున తాటిచెట్టు మీంచి దించిన కల్లు గుర్తు చేసుకుంటే చాలు. కాస్త తీపి, కాస్త పులుపు, నాలుగైదు శాతానికి మించని మత్తు. దాంతో నంజుకునేది కారం దట్టించిన చేపల వేపుడో, వేట మాంసమో. ఎవరూ పుస్తకం చదివి కలిపిన జోడీ కాదు అది, నాలుక తేల్చిన జోడీ. కాకపోతే కుండలో కల్లు ఆగదు. మధ్యాహ్నానికి తీపంతా పోయి పులిసిపోతుంది, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. షెనిన్ బ్లాంక్ తయారీదారు చేసేదల్లా ఆ పొద్దుటి కల్లు ఘడియను పట్టుకుని సీసాలో నిలపడం. తెలుగువాళ్లకు ఈ వైన్‌ను పరిచయం చేయడానికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు.

షెనిన్ బ్లాంక్ సొంత ఊరు ఫ్రాన్స్‌లోని ల్వార్ నది లోయ. ఆంజూ, తూరేన్ ప్రాంతాల్లో శతాబ్దాలుగా ఇదే ప్రధానమైన తెల్ల ద్రాక్ష. అక్కడ దీనికి పినో ద లా ల్వార్ అనే పాత పేరు కూడా ఉంది. డీఎన్ఏ పరీక్షల్లో దీని తల్లిదండ్రుల్లో ఒకటి సావన్యా అనే పాతకాలపు ద్రాక్ష అని తేలింది. తీగ త్వరగా చిగురిస్తుంది, కాయ ఆలస్యంగా పండుతుంది. చల్లటి ల్వార్‌లో ఇది రైతుకు టెన్షన్ పెట్టే గుణం. చిగురు వేళకు మంచు పడొచ్చు, కోత వేళకు వానలు రావొచ్చు. పైగా ఒకే గుత్తిలో కాయలన్నీ ఒకేసారి పండవు. అందుకే మంచి తోటల్లో కోత ఒక్క రోజులో అయిపోదు. కూలీలు అవే వరసల్లోకి పదేపదే వెళ్లి, పండినవి మాత్రమే ఏరుకుంటారు. మిరప తోటలో విడతలు విడతలుగా కాయ కోసే గుంటూరు రైతుకు ఈ పద్ధతి వివరించనక్కర్లేదు.

ఒకే ద్రాక్షతో అన్ని తీపి స్థాయిల్లోనూ వైన్ చేయడం ల్వార్ ప్రత్యేకత. తూర్ పట్టణం పక్కనున్న వూవ్రేలో సున్నపురాతి నేల. మెత్తటి ఆ తెల్లరాతిని తొలిచి చేసిన గుహల్లోనే సీసాలు నిలవ ఉంచుతారు. వూవ్రే సీసా మీద ‘సెక్’ అని ఉంటే తీపి లేనిది, ‘దెమిసెక్’ అంటే కొంచెం తీపి, ‘మ్వలో’ అంటే బాగా తీపి. ఆంజూ వైపు పలకరాతి నేలలున్న సావెన్యేర్‌లో తీపి లేని, బిగువైన వైన్ వస్తుంది. లేయోం ఏటి ఒడ్డున శరత్కాలపు పొగమంచుకు కాయల మీద ఒక రకం బూజు పడుతుంది. అది కాయను చెడగొట్టకుండా అందులోని నీటిని లాగేస్తుంది. ఒడిలిన ఆ కాయల నుంచి తేనెలాంటి వైన్ తీస్తారు. పులుపు, తీపి రెండూ దండిగా ఉండటం వల్ల ఈ వైన్లు దశాబ్దాల పాటు నిలుస్తాయి. 1947 నాటి వూవ్రేలను వైన్ ప్రియులు ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటారు.

దక్షిణాఫ్రికాలో ఈ ద్రాక్షది ఇంకో జీవితం. కేప్ ప్రాంతంలో డచ్చివాళ్లు 1655లో ద్రాక్ష తీగలు నాటారు, 1659 ఫిబ్రవరి 2న అక్కడి తొలి వైన్ తీశారు. షెనిన్ అక్కడ ‘స్టీన్’ అనే పేరుతో ఎంతగా పాతుకుపోయిందంటే, స్టీన్, షెనిన్ ఒకటేనని 1960ల్లో గానీ తేలలేదు. చాలాకాలం దాన్ని బ్రాందీ బట్టీలకే తోలారు. ఇవాళ ప్రపంచంలో షెనిన్ ఎక్కువగా పండేది ఆ దేశంలోనే. నీటి వసతి లేని ముసలి తీగల నుంచి వచ్చే కాయతో అక్కడ చేసే వైన్లు ల్వార్ వైన్లతో సమానంగా నిలుస్తున్నాయి.

మన దేశంలో నాసిక్ దీనికి ఇల్లు. సూలా సంస్థ 2000లో బయటికి తెచ్చిన తొలి వైన్లలో షెనిన్ బ్లాంక్ ఒకటి. ఇక్కడ తీగలను వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కత్తిరిస్తారు. కాయ శీతాకాలమంతా పండి జనవరి నుంచి మార్చి లోపు కోతకొస్తుంది. గుంటూరు యార్డుకు కొత్త మిర్చి పోటెత్తే రోజులూ అవే. నాసిక్ షెనిన్ చాలావరకు కొంచెం తీపి మిగిల్చిన రకం. ల్వార్ వైన్‌లోని లోతు ఇందులో వెతకడం అన్యాయం. కానీ మన తిండికి కావాల్సిన ఆ తీపి, ఆ పులుపు, ఆ తక్కువ ఆల్కహాల్ ఇందులో ఉన్నాయి. దీన్ని తక్కువ చేసి చూడటం మాత్రం పొరపాటు.

రుచి వర్ణనలు చదివేటప్పుడు మనకు అడ్డంపడేది పండ్ల పేర్లు. విదేశీ పుస్తకాల్లో క్విన్స్ అంటారు, ఆ పండు మనలో చాలామంది చూసి ఉండరు. మన పండ్లలో చెప్పుకుంటే పచ్చి యాపిల్, దోరజామ, బేరిపండు. వాటి వెనక చామంతి పూల వాసన, చివర కొంచెం తేనె. ఎండ ఎక్కువున్న నాసిక్ వైన్‌లో జామ, అనాస ముందుకొస్తాయి. పాత వూవ్రే సీసా తెరిస్తే తడిసిన ఉన్ని వాసన వస్తుందని రాస్తారు. వానలో తడిసి ఆరుతున్న గొంగళిని ముక్కు దగ్గర పెట్టుకున్నవాళ్లకు అది ఏ వాసనో ఇట్టే తెలుస్తుంది. వినడానికి బాగోలేకపోయినా తేనెతో కలిసినప్పుడు అదే ఆ వైన్‌కు గాంభీర్యం.

విజయవాడలో వైన్‌కు అసలు శత్రువు ఎండ. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊరిది. ఏసీ లేని గోడౌన్‌లో, ఎండ పడే అరలో కొన్ని నెలలున్న సీసా లోపల ఉడికిపోతుంది. రంగు లేత పసుపు నుంచి గోధుమ వైపు తిరుగుతుంది, జామ వాసన పోయి ఉడకబెట్టిన యాపిల్ వాసన వస్తుంది. కార్కు ఉన్న సీసా అయితే కార్కు మూతి అంచు కంటే పైకి పొడుచుకొస్తుంది. కొనేముందు రంగూ కార్కూ చూడాలి, సీసా మీద ద్రాక్ష కోసిన సంవత్సరమూ చూడాలి. నాసిక్ షెనిన్ కోత నాటి నుంచి రెండేళ్లలోపు తాగేస్తేనే బాగుంటుంది. తాగే వేళకు వైన్ 8 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో మూడు గంటలు పెడితే సరిపోతుంది. తొందరగా కావాలంటే బకెట్‌లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడ దాకా ముంచితే పదిహేను, ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. గ్లాసులో ఐసు ముక్కలు వేయొద్దు, పులుపు పలచబడితే గోంగూర ముందు ఆ వైన్ ఓడిపోతుంది. గ్లాసులో కొంచెం కొంచెం పోసుకోవడం మంచిది, ఈ వాతావరణంలో నిండా పోస్తే సగం తాగేలోపే వేడెక్కుతుంది.

ఇక కూరలు. గోంగూర మాంసం దగ్గర ఆగి చూడాలి. వేడి అన్నంలో కూర కలిపి ముద్ద పెట్టుకోగానే ముందు పులుపు దవడలను పట్టేస్తుంది. తర్వాత మాంసం కొవ్వు నాలుక మీద పరుచుకుంటుంది, రెండు క్షణాలు ఆగి గొంతు దగ్గర కారం మొదలవుతుంది. ముద్ద మింగాక చల్లటి దెమిసెక్ షెనిన్ ఒక గుక్క తాగితే, పులుపుకు పులుపు తగిలి గోంగూరలోని ఆకు రుచి విడిగా తెలుస్తుంది. కొవ్వు పొర తొలగి నాలుక శుభ్రపడుతుంది. తీపి కారం మీద దుప్పటిలా పడుతుంది, మంట పూర్తిగా పోదు, పదును తగ్గుతుంది. పోకూడదు కూడా, కారమే లేకపోతే అది గుంటూరు కూర ఎలా అవుతుంది? వైన్‌లో జరిగే మార్పు కూడా గమనించాలి. విడిగా తాగినప్పుడు తీపిగా అనిపించిన వైన్, ఈ కూరతో తాగినప్పుడు తీపి లేనట్టే ఉంటుంది.

చేపల పులుసుకూ ఇదే రకం. వండిన రోజు కంటే మర్నాటి పులుసుతో జోడీ ఇంకా బాగా కుదురుతుంది, అప్పటికి కారం, పులుపు, మెంతి చేదు సర్దుకుని ఉంటాయి. రొయ్యల వేపుడులో రొయ్యకే కొంచెం తీపి ఉంటుంది కాబట్టి అంత తీపి వైన్ అక్కర్లేదు, తీపి లేని రకం చాలు. ఉలవచారు లెక్క పూర్తిగా వేరు. గంటల తరబడి మరిగి చిక్కబడిన ఉలవకట్టులో మట్టివాసన, పొగవాసన ఉంటాయి. పైన మీగడ వేస్తే బరువు పెరుగుతుంది. దానికి చెక్క పీపాల్లో పులియబెట్టిన దక్షిణాఫ్రికా ముసలితీగల షెనిన్ సరైనది. ఆల్కహాల్ 13, 14 శాతం ఉన్నా ఉలవచారులో కారం తక్కువ కాబట్టి ఇబ్బంది లేదు.

సాయంత్రం పునుగులకు బుడగలొచ్చే వూవ్రే బ్రహ్మాండంగా ఉంటుంది, నూనెను బుడగలు కోసేస్తాయి. మిరపకాయ బజ్జీకి మాత్రం అది వద్దు. బుడగల చురుకు కారం మంటకు తోడవుతుంది. బజ్జీకి బుడగలు లేని, కొంచెం తీపి ఉన్నదే మేలు. ముద్దపప్పు, నెయ్యి, వడియాలకు ఏ షెనిన్ అయినా సరే.

కుదరనివీ ఉన్నాయి. ఆవకాయ ముందు ఏ వైనూ నిలబడదు. పచ్చి ఆవపిండి ఘాటు, ఉప్పు, నూనె, మామిడి పులుపు నాలుగూ శిఖరం మీద ఉన్న పచ్చడి అది, దానికి పప్పూ నెయ్యే సరైన తోడు. మిరియాలు, లవంగం, దాల్చినచెక్క దట్టించిన నాటుకోడి ఇగురు దగ్గర నాసిక్ షెనిన్ చిన్నబోతుంది. పెరుగన్నం పుల్లటి పాల రుచికి ద్రాక్ష పులుపు అసలు సరిపడదు. కాబట్టి ఇంటి భోజనంలో పప్పుతో మొదలుపెట్టి, వేపుడు, కూర, పులుసు దాకా వైన్ తాగి, పెరుగు గిన్నె వచ్చేసరికి గ్లాసు పక్కన పెట్టి మంచినీళ్లు తాగాలి.